సిస్టరమ్మ వద్దన్న నీళ్ళు

సోమవారం తెల్లవారి చిన్నమ్మి పొయ్యి మీద టీ నీళ్ళు పడేసి, మొగుణ్ణి లేపడానికి లోపలికి వెళ్ళింది. "మావా" అని రెండుసార్లు పిలిచింది. యువరాజు కళ్ళు తెరిచాడు గాని మనిషి కదల్లేదు. మోచేయి ఆనించి లేవబోయి మళ్ళీ మంచంలోకే జారిపోయాడు. "కాళ్ళు నావి కానట్టున్నాయే సిన్నమ్మీ... లేవనేకపోతన్నాను" అన్నాడు, నాలుక మడతపడుతుండగా. ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తే గుండె ఒకసారి కొట్టుకుని, ఆగి, ఆలోచించుకుని మళ్ళీ కొట్టుకుంటోంది! చిన్నమ్మి పెట్టిన కేకకి పెరట్లోంచి అత్తగారు అప్పలనరసమ్మ, వీధిలోంచి మరిది అప్పలసూరి పరుగెత్తుకొచ్చారు. అంబులెన్సు వచ్చి మందస మీదుగా పలాస చేరేసరికి ఎండ ఎక్కిపోయింది.

యువరాజుకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మొన్నమొన్నటి దాకా సముద్రం మీద మూడు రోజులు తిరిగొచ్చి కూడా నవ్వుతూ వల భుజానేసుకొచ్చిన మనిషి. ఏడాదిన్నర కిందట కిడ్నీలు రెండూ పోయాయన్నారు. ఉద్దానంలో ఆ మాట వినని ఊరు లేదు గనక ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఏడిచారంతే. అప్పట్నుంచి ప్రతి బుధవారం, ప్రతి శనివారం పలాస వెళ్ళి డయాలసిస్ మిషను కింద నాలుగు గంటలు పడుకుని రావడమే అతని బతుకు.

గంటన్నర తర్వాత పడుచు డాక్టరమ్మ ఒకామె వరండాలోకి వచ్చింది. "రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది. ఇంకో గంట ఆలస్యమైతే గుండె ఆగిపోయేది. నిన్న ఏమిచ్చారు? పళ్ళా? కొబ్బరినీళ్ళా?" అని అడిగింది.

"ఏటీ ఇవ్వనేదమ్మా" అంది అప్పలనరసమ్మ వెంటనే.

డాక్టరమ్మ చిన్నమ్మి వైపు తిరిగింది. "భార్యవి నువ్వే కదా. నువ్వు చెప్పు."

ఒక పక్క అత్తగారు, ఒక పక్క మరిది, వెనక ఊరివాళ్ళు నలుగురు. గోడకి ఆనుకుని, చేతిలో గొడుగుతో వసంత సిస్టరు. ఆమె ఎప్పుడొచ్చిందో, ఎవరు కబురు పెట్టారో! ఆ కళ్ళద్దాల వెనక నుంచి చిన్నమ్మినే చూస్తోంది.

"నేదమ్మా. ఏటీ ఇవ్వనేదు" అంది చిన్నమ్మి.

అబద్ధం... పచ్చి అబద్ధం! నిన్న మధ్యాహ్నం పెరట్లో చాపమాటున, ఒక బొండం నిండా నీళ్ళు తన చేతులతో తానే తాగించింది. చుక్క కిందపడకుండా తాగించింది.

ఎందుకలా చేసిందయ్యా అంటే, అదీ ప్రేమతోనే చేసింది. కాస్త అనుమానంతో కూడా చేసింది. ఆ రెండూ ఒక గుండెలో కాపురం పెడితే ఎన్ని అనర్థాలొస్తాయో ఇళ్ళు నడిపే ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

వసంత పలాస లూథరన్ చర్చి మనిషి. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. ఆ చర్చివాళ్ళు రోగుల కోసం ఒక వ్యాను నడుపుతారు. తెల్ల బండి, పక్కన నీలం రంగు శిలువ. యువరాజు ఒకసారి డయాలసిస్ అయ్యాక బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోతే, అదే దారిన పోతున్న వసంత వ్యాను ఆపించి ఎక్కించుకుని ఇంటికి తెచ్చి దింపింది. అప్పట్నుంచి బుధ, శనివారాలు ఆరింటికల్లా ఆ వ్యాను వాకిట్లో ఉండేది. ఈ ఊళ్ళోనే ఇంకో ఇద్దర్ని, దారిలో ముగ్గుర్ని ఎక్కించుకుని వెళ్ళేది. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేది కాదు.

పైసా పుచ్చుకోకపోవడమే చిన్నమ్మికి నిద్ర లేకుండా చేసింది. నౌపడ ఉప్పు మళ్ళలో పుట్టి పెరిగిన పిల్ల. ఒంట్లో ఉప్పు దిగేలా కష్టపడితే తప్ప ఎవరూ ఏదీ ఇవ్వరని చిన్నప్పుడే తెలుసుకుంది. ఊరికే ఇస్తున్నారంటే ఏదో కావాలి వీళ్ళకి. ఏం కావాలి? వసంత వచ్చినప్పుడల్లా వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసేది. మిగతా అందరూ మర్యాదకి తల దించుకునేవారు. చిన్నమ్మి మాత్రం కళ్ళు తెరుచుకునే ఉండి, చెవులు రిక్కించి వినేది. మధ్యలో తన మొగుడి పేరు వినపడేది. మనం ఎరగని దేవుడికి మన ఇంటి మగాడి పేరు ఈవిడెందుకు అప్పజెబుతోంది? ఆ పేరు ఎందులో రాసుకుంటారు?

ఆ పైన నియమాలు! ఉప్పు తగ్గించమంది. సరే. ఎండుచేప వద్దంది. చేపల వాళ్ళింట్లో ఎండుచేప వద్దంటే ఎలా? అయినా సరే. కూరలు ముక్కలు కోసి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వండమంది. రోజుకి ఇన్ని నీళ్ళే అని గ్లాసు మీద గీత గీసింది. అన్నిటికీ తలూపింది చిన్నమ్మి. చివరికి ఒకరోజు, "కొబ్బరినీళ్ళు మాత్రం చుక్క కూడా ముట్టకూడదు. ప్రాణం మీదికొస్తుంది. గుర్తుపెట్టుకో యువరాజూ" అంది వసంత.

అక్కడ కోపమొచ్చింది చిన్నమ్మికి. జ్వరమొస్తే కొబ్బరినీళ్ళు, వాంతులైతే కొబ్బరినీళ్ళు, నెలల పిల్లకి కొబ్బరినీళ్ళు, పోయే ప్రాణానికీ కొబ్బరినీళ్ళు. ఊరంతా కొబ్బరిచెట్ల కింద బతుకుతోంది. పడవ నీళ్ళలో దిగాలంటే గంగమ్మకి కాయ కొట్టాలి, ఆ నీళ్ళు తీర్థంగా తాగాలి. ఈవిడ కొబ్బరినీళ్ళు వద్దంటోందంటే గంగమ్మ తీర్థం వద్దంటోందన్నమాటే! నెమ్మదిగా ఒక్కొక్కటే మాన్పించి, ఆఖరికి తల్లినే మాన్పిస్తారు. ఇదీ వీళ్ళ ఎత్తు! అనుకుంది. అత్తగారితో అంటే, ఆవిడ కూడా దీర్ఘం తీసింది. "నాకూ అదే అనుమానమే సిన్నమ్మీ. మడిసిని బతికించడానికి తీర్తం ఒద్దంటారేటి ఎవరైనా?"

ఒకసారి వసంత ఒక సంచి బియ్యం తెచ్చిచ్చింది. చూస్తే అందులో లావు బియ్యం, సన్న బియ్యం, ఉప్పుడు బియ్యం, పాత బియ్యం, కొత్త బియ్యం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఏ కొట్లోనూ ఇలాంటివి అమ్మరు. ఏం చదివారో, ఏం చల్లారో అనుకుని, నెల రోజులపాటు కోళ్ళకి వేసింది చిన్నమ్మి. కోళ్ళకి ఏమీ కాలేదు. అయినా అనుమానం పోలేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. రెండు నెలల వేట నిషేధం అయిపోయి పడవలు సముద్రంలోకి దిగే రోజు. తీరమంతా పసుపు, కుంకుమ, డప్పులు. యువరాజు పడవ కూడా దిగింది. దాన్ని దింపింది అప్పలసూరి. యువరాజు ఇసకలో కూర్చుని, తువ్వాలు నెత్తిన వేసుకుని, తన పడవ తను లేకుండా అలలు దాటి వెళ్ళడం చూశాడు. ఇంటికొచ్చాక వసంత, చర్చి ఆడవాళ్ళు ఇద్దరు కారియరుతో చప్పటి కూర, అన్నం తెస్తే బుద్ధిగా తిన్నాడు. వాళ్ళు వెళ్ళాక పెరట్లో కూర్చుని ఎండిపోయిన పెదాలు తడుపుకుంటుంటే చిన్నమ్మి ఉండబట్టలేకపోయింది. గంగమ్మ దగ్గరి నుంచి తెచ్చిన బొండం కొట్టి నోటికి అందించింది. "తాగు మావా. ఆ తల్లి సూసుకుంటాది" అంది. అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, గటగటా తాగేశాడు.

అదీ జరిగింది. మరి డాక్టరమ్మ అడిగినప్పుడు ఎలా చెబుతుంది? మొగుణ్ణి చంపబోయిన పెళ్ళాం అని ఊరంతా నోరు నొక్కుకోదా? అత్తగారు జుట్టు పట్టుకుని నౌపడ బస్సెక్కించదా? నిజం నోట రాలేదు. అంతటితో పోయినా బాగుండేది. కాని ఆమె దాచిన నిజం ఇంకొకరి నెత్తిన పడింది.

"ఇంట్లో ఎవులూ ఏటీ ఇవ్వనేదంటే, మరి ఆదివారం బయటి తిండి పెట్టింది ఎవులు? ఆ చర్చోళ్ళ కూర కాదేటి?" అన్నాడు అప్పలసూరి. ఆ మాట పలాస నుంచి ఊళ్ళోకి వాళ్ళకంటే ముందే చేరిపోయింది. బుధవారం మిషను మీద మరోసారి రక్తం శుద్ధి చేసి యువరాజుని పంపించారు. అతన్నీ, చిన్నమ్మినీ వసంత వ్యాన్లోనే తీసుకొచ్చింది. ఊరి మొగలో జీడితోట దగ్గర పదిమంది మగాళ్ళు అడ్డంగా నిలబడ్డారు.

"బండి ఇక్కడే ఆపెయ్. ఈ సిలువ బొమ్మ బండి ఊళ్ళోకి రాకూడదు" అన్నాడు అప్పలసూరి. డ్రైవరు సీతారాం దిగి ఏదో సర్దిచెప్పబోతే చొక్కా పట్టుకుని లాగారు. భుజం దగ్గర చొక్కా చిరిగింది.

"నాది సుమ్మాదేవి ఊరు బావూ. నానూ గంగమ్మకి కాయ కొట్టినోణ్ణే. రోగిష్టోడున్నాడు, ఇంటికాడ దింపనియ్యండి" అన్నాడు సీతారాం. ఎవరూ వినలేదు.

వసంత దిగింది. అప్పలసూరి వేలు చూపించి నానా మాటలూ అన్నాడు. కూరలో ఏం కలిపావన్నాడు. మనుషుల్ని మంచాన పడేసి మతంలోకి లాక్కుంటారా అన్నాడు. ఆమె గొంతు మామూలుగా ఆసుపత్రి వార్డంతా వినపడే గొంతు. ఆరోజు మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా చిన్నమ్మి వైపు చూసింది. చిన్నమ్మి తన కాళ్ళ వైపు చూసుకుంది... చెప్పు, చెప్పవే పాపిష్టిదానా! అని లోపల్నుంచి ఎవరో పొడుస్తున్నా, పెదవి పెగల్లేదు.

"చెయ్యి పట్టుకుని దింపండి. బీపీ తక్కువగా ఉంది, పడిపోతాడు" అని చెప్పి వసంత వ్యానెక్కింది. బండి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

శనివారం ఆటోలో తీసుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఆ గతుకుల్లో రక్తం బొట్టు లేనట్టు పాలిపోయి, చిన్నమ్మి ఒళ్ళో తల వాల్చేశాడు. మందస దాటాక రెండుసార్లు స్పృహ తప్పింది. ఊళ్ళో మిగతా ఇద్దరు రోగులు అసలు వెళ్ళనే లేదు. అందులో ఒకాయన కాళ్ళు ఇంతింత లావున పొంగి అరుగు మీద కూర్చుని ఆయాసపడుతుంటే, ఆయన పెళ్ళాం వసంతనే తిట్టిపోస్తోంది. ఆ తిట్లన్నీ చిన్నమ్మి వింది. ప్రతి తిట్టూ తనదేనని ఆమెకి తెలుసు.

ఆదివారం పొద్దున్న "అమ్మని సూసొత్తానత్తా" అని చెప్పి బస్సెక్కింది. మందసలో మారి పలాసలో దిగి, రైలు గేటు అవతల చర్చి ఎక్కడుందో అడుగుతూ వెళ్ళింది. ఆరాధన అప్పుడే అయిపోయింది. ఆడవాళ్ళు వరసగా వచ్చి, తలో చిన్న సంచి విప్పి, గుమ్మం పక్కనున్న పెద్ద డ్రమ్ములో బియ్యం పోస్తున్నారు. ఒకరివి లావు బియ్యం. ఒకరివి సన్నవి. ఒకరివి ఉప్పుడువి. చిన్నమ్మి నిలబడిపోయింది.

"ఏటివి, ఈ బియ్యం?" అని అడిగింది ఒక ముసలామెని.

"పిడికెడు బియ్యం, తల్లీ. రోజూ ఎసట్లో పొయ్యబోయేముందు ఒక పిడికెడు పక్కకి తీసి ఉంచుతాం. వారానికొకసారి తెచ్చి ఇందులో పోస్తాం. మా అమ్మ తీసేది, మా అత్త తీసేది. రోగులున్న ఇళ్ళకి ఇస్తారు. నీకు కావాలా?" అంది ఆమె, చిరిగిన జాకెట్టు భుజం మీదికి పైట సర్దుకుంటూ.

ఆ ముసలామె తినవలసిన పిడికెడు అన్నం తమ పెరట్లో కోళ్ళు తిన్నాయి! చిన్నమ్మికి దుఃఖం పొంగుకొచ్చింది. మెట్ల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడే వసంత బయటికి వచ్చింది. ఆశ్చర్యపోయినట్టు కనపడలేదు. పక్కన ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాను ఇచ్చినాను సిస్టరమ్మా. బొండం నీళ్ళు... నానే తాగించినాను" అంది చిన్నమ్మి.

"తెలుసు" అంది వసంత. "వరండాలో నువ్వు లేదన్నప్పుడే తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఆ అబద్ధాలే విన్నాను."

"తెలిసి ఎందుకు సెప్పనేదు? ఆల్లంతా నిన్ను తిడతంటే ఎందుకు ఊరుకున్నావు?"

"చెబితే మీ అత్తగారు నిన్ను ఇంట్లో ఉంచేదా? నువ్వు పుట్టింటికి పోతే అతనికి కూర నీళ్ళు వార్చి వండేదెవరు? నన్ను తిడితే నేను పలాస వచ్చి పడుకుంటాను, అంతే కదా." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "అలాగని నాకు కోపం రాలేదనుకోకు. చాలా వచ్చింది. రెండు రోజులు నీ పేరు ప్రార్థనలో ఎత్తలేదు" అంది.

చిన్నమ్మి ఆమె పాదాలు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. "బండి పంపు సిస్టరమ్మా. బుదారం ఆటోలో ఎల్తే మావ బతకడు."

"బండి నాది కాదమ్మా, సంఘానిది. సీతారాం చొక్కా చింపారు. రేపు తల పగలగొడితే? మా పెద్దలు కూర్చుని, ఆ ఊరు తనంతట తాను పిలిస్తేనే పంపుతామన్నారు. ఊరు పిలవాలంటే ఊరికి నిజం తెలియాలి. ఆ పని నేను చెయ్యను. చెయ్యవలసింది నువ్వు." వసంత లేచి, మళ్ళీ ఆగింది. "ఒకటి చెప్పు. ఎన్ని బొండాలిచ్చావు?"

"ఒకటే. గంగమ్మ మీదొట్టు."

"ఒక్కదానికి అంత పెరగదు. నేను రక్తపరీక్ష కాగితం చూశాను. ఇంకెవరో ఇచ్చారు."

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ మాట చిన్నమ్మి చెవిలో గింగురుమంటూనే ఉంది. ఇంకెవరో ఇచ్చారు... ఎవరు? ఇన్నాళ్ళూ బయటి మనుషుల మీద కాపలా కాసిన ఆమె కళ్ళు ఇప్పుడు ఇంట్లో తిరగడం మొదలుపెట్టాయి. ముందుగా ఆగింది అప్పలసూరి దగ్గర. చర్చివాళ్ళ మీద అంత రచ్చ ఎందుకు చేశాడు? అన్న మంచాన పడితే పడవ ఎవరిది? ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు? సోమవారమంతా మరిదికి అన్నం పెడుతూ, నీళ్ళిస్తూ, అతని ముఖమే చూసింది. "ఏటొదినా, అలా సూత్తన్నావు?" అన్నాడు అతను. "ఏటీ నేదు" అంది గాని, రాత్రి మొగుడి మంచం పక్కనే చాప వేసుకుని, నీళ్ళ చెంబు తన తల దగ్గర పెట్టుకుని పడుకుంది. సొంత మరిదిని అలా అనుమానించినందుకు తర్వాత ఎంత సిగ్గుపడిందో!

మంగళవారం మధ్యాహ్నం పడవలు తిరిగొచ్చాక మగాళ్ళంతా వలల పాకలో చేరారు. పెద్ద సన్యాసయ్య మధ్యలో కూర్చుని తెగిన వల కడుతున్నాడు. ఊళ్ళో తగవైనా, పెళ్ళైనా ఆయన మాటే మాట. ఆ పాకలోకి ఆడవాళ్ళు రారు. చిన్నమ్మి వచ్చింది. రేపు బుధవారం. ఈ ఒక్క పూటే ఉంది.

"పెద్దయ్యా, ఒక మాట సెప్పుకోడానికొచ్చినాను" అంది.

అప్పలసూరి గభాలున లేచాడు. "ఒదినా, ఇంటికెల్లు. ఇక్కడికొచ్చినావేటి?"

"కూసోరా" అన్నాడు సన్యాసయ్య. "సెప్పమ్మా."

"చర్చోళ్ళ కూరలో ఏటీ నేదు. మావకి ఒక బొండం నీళ్ళు తాగించింది నాను. ఆ సిస్టరమ్మ ఒద్దని ఎన్నో మార్లు సెప్పినాది. ఆవిడి మాట నాను నమ్మనేదు. మన తల్లి తీర్తం మాన్పించడానికి అలా అంటన్నాదనుకున్నాను. డాట్రమ్మ అడిగితే నేదని బొంకినాను. మీరంతా ఆవిడ్ని తిట్టినప్పుడు నోరు మూసుకుని నిలబడ్డాను. తప్పు నాది. నన్నేటి సేసినా సెయ్యండి. బండిని మాత్రం పిలవండి. బండి రాకపోతే నా మొగుడే కాదు, ఆ ఇద్దరూ కూడా..."

ఎవరో "ఓలమ్మో" అన్నారు. అప్పలసూరి ముఖం కందగడ్డలా అయింది. "కట్టుకున్న పెళ్ళానివై నువ్వు... అన్నని..." అంటూ చెయ్యెత్తి మీదికొచ్చాడు.

"దాన్ని ముట్టుకోకురా."

పాక గుంజ పట్టుకుని అప్పలనరసమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. వారం రోజులుగా సరిగ్గా తినక మనిషి సగమైంది. కోడలు దాన్ని కొడుకు మీద బెంగ అనుకుంది.

"అదొకటే ఇచ్చినాది. నాను రెండిచ్చినాను" అంది ముసలామె. "ఆదోరం సందేళ, ఇది నీళ్ళకెల్లినప్పుడు. గంగమ్మ కాడ కొట్టిన కాయల నీళ్ళు కూడా అందులోనే పోసినాను. కన్నకొడుకు నోరు పిడసకట్టుకుపోతంటే సూడనేకపోయినాను. డాట్రమ్మకి ముందు బొంకింది నానే. దీని మొకం సూసి, పాపం ఇదేటీ ఎరగదు, నా పాపం దీనికెందుకని ఊరుకున్నాను. కొట్టాలంటే నన్ను కొట్టు."

ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఒకరికి తెలియకుండా ఒకరు వారం రోజులు ఒకే పాపం మోశారు! "అత్తా..." అంటూ వెళ్ళి ఆమెని పట్టుకుంది. ముసలామె కోడలి భుజం మీద తల పెట్టి, "సంపేసుకుందుమే... మన సేతుల్తో మనమే సంపేసుకుందుమే" అని వెక్కివెక్కి ఏడ్చింది. మరిది ఎత్తిన చెయ్యి ఎప్పుడో దిగిపోయింది. అతను ముఖం అటు తిప్పుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. అన్న మీద ప్రాణం పెట్టుకున్న ఆ పిల్లవాడినా తను అనుమానించింది?

సన్యాసయ్య వల పక్కన పెట్టాడు. "ఆ సిస్టరమ్మకి ఫోను సెయ్యండి. నాను మాట్లాడతాను" అన్నాడు. మాట్లాడాడు కూడా. నీళ్ళు తాగించింది అత్తాకోడళ్ళిద్దరూనట, మా వాళ్ళది తప్పయిపోయింది, సీతారాంకి కొత్త చొక్కా మేమే కుట్టిస్తాం, బండి రావాలి అన్నాడు. వసంత గొంతు ఫోన్లోంచి పాకంతా వినపడింది.

"చొక్కా సంగతి సీతారాంకే చెప్పండి, సంతోషిస్తాడు. బండి వస్తుంది. చిన్నమ్మికి, వాళ్ళ అత్తగారికి చెప్పండి, నాకు వాళ్ళ మీద ఏమీ లేదు. కాని పెద్దయ్యా, కొబ్బరినీళ్ళు విషమని ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు నేను చెప్పింది యువరాజుకి. మిషను పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను. పక్క మంచం ఆయన అలాగే పోతే కళ్ళారా చూశాడు కూడా. అతనికి తెలుసు. అతన్ని అడగండి."

ఫోను పెట్టేశారు. అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

చిన్నమ్మి ఇంటికి వచ్చేసరికి యువరాజు పెరట్లో మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పాకలో జరిగిందంతా గాలికంటే ముందే వచ్చేసినట్టుంది. ఆమె ముఖం చూసి కళ్ళు దించుకున్నాడు. చిన్నమ్మి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీకు తెలుసంట కదా మావా."

అతను తువ్వాలు అంచు వేళ్ళకి చుట్టుకున్నాడు.

"నానిచ్చినప్పుడు నా మొకం ఎందుకు సూసినావో ఇప్పుడు తెలిసినాది. ఒద్దు అనొచ్చు కదా. నా సెయ్యి తోసెయ్యొచ్చు కదా."

"నువ్వు ప్రేమగా ఇచ్చినావు. అమ్మ ప్రేమగా ఇచ్చినాది. ఎలా తొయ్యమంటావు?" అన్నాడు మెల్లిగా.

"అబద్దం సెప్పకు."

అతను గోడ మీద కాకి వైపు తిరిగాడు. అప్పుడు చెప్పాడు. "ఆ రోజు పడవ నన్నొదిలేసి ఎల్లిపోనాది సిన్నమ్మీ. ఆగనేదు. దానికి నాతో పనే నేదు. తమ్ముడు బాగానే తోలుతన్నాడు. మిషను కింద పడుకోడం, లేవడం, ఆల్లెవరో వొచ్చి తీసుకెల్లడం, మీరిద్దరూ నా నీళ్ళు కొలవడం... ఇదొక బతుకేటి అనిపించినాది. అంతలో నువ్వొచ్చి బొండం ఇచ్చినావు. తాగితే ఏటవుతాదో తెలుసు. దాహం తీరతాది, ఇదీ తీరిపోతాది అనుకున్నాను."

గుమ్మంలో అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. చిన్నమ్మి అందర్నీ అనుమానించింది. చర్చిని అనుమానించింది, బియ్యాన్ని అనుమానించింది, ప్రార్థనని అనుమానించింది, మరిదిని అనుమానించింది. పక్కలో పడుకున్న మనిషి బతకడం మానుకోవాలనుకున్నాడని మాత్రం ఒక్కసారి కూడా అనుమానం రాలేదు!

"నా సేత్తో సచ్చిపోదామనుకున్నావా మావా?" అంది. "నువ్వు పోయాక నాను బతికినన్నాళ్ళూ ఈ సేతులేసుకుని అన్నం తినాల కదా. ఆ మాట నీకు తట్టనేదా?" అప్పుడు ఏడ్చింది... వారం రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. అతను మంచం దిగబోయాడు. దిగలేక, వంగి, ఆమె తల మీద చెయ్యి వేశాడు. "తట్టనేదే. నిజంగా తట్టనేదు" అన్నాడు, అతనూ ఏడుస్తూ.

కాస్సేపటికి చిన్నమ్మి ముఖం తుడుచుకుని సూటిగా అడిగింది. "ఒక్కటే అడుగుతాను. దాచకుండా సెప్పు. నీకు బతకాలనుందా, నేదా? నేదంటే ఇప్పుడే సెప్పెయ్. రేపు బండిని ఒద్దంటాను. ఆల్ల పొద్దు, ఆల్ల సాకిరీ ఎందుకు?"

యువరాజు ఆమె వైపు చూశాడు. గుమ్మంలో ఉన్న తల్లి వైపు చూశాడు. పొయ్యి మీద అన్నం పొంగి గిన్నె అంచు దాటుతున్నా ఆడవాళ్ళిద్దరూ కదల్లేదు.

"రేపు బండి ఎన్నింటికొత్తాది?" అన్నాడు చివరికి.

"ఆరింటికి."

"అయితే అయిదింటికి లేపు. తానం సేసి ఉంటాను."